‘ఒక్కరేనాండీ?’

కోనసీమలో ఒంటరిగా తిరగాలనుకునేవాళ్లు బట్టల కంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు సర్దుకోవాలి. ‘ఒక్కరేనాండీ?’ రాజమండ్రి స్టేషన్ బయట ఆటో అతను అడుగుతాడు. లాడ్జిలో గుమాస్తా అడుగుతాడు. హోటల్లో మంచినీళ్లు పెట్టే కుర్రాడు అడుగుతాడు. గుళ్లో పూజారిగారైతే గోత్రం కంటే ముందు ఇదే అడుగుతారు. ‘అవునండి’ అని ఊరుకుంటే కుదరదు, వెంటనే ‘అదేంటండీ?’ వస్తుంది. అంబాజీపేట చేరేసరికి నేను ‘మావారికి ప్రయాణాలు పడవు, పిల్లలు దూరంగా ఉన్నారు, నాకు సెలవులు మిగిలాయి’ అని ఒక్క గుక్కలో అప్పజెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు వాళ్ల మొహం తేలికపడేది, నాకు కాఫీ వచ్చేది.

సంక్రాంతి వెళ్లాక, జనవరి చివర్లో వెళ్లాను. పండక్కి ఆ వైపు గది దొరకడం కల్ల. పండగ దాటాక అల్లుళ్లు తిరుగు ప్రయాణాలు కట్టేస్తారు, రేట్లు దిగుతాయి, చలి కూడా హాయిగా ఉంటుంది. హైదరాబాదు నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేలోగా రాజమండ్రి. బోగీలో ఎదుటి బెర్తు పెద్దాయన సికింద్రాబాదు నుంచి కాజీపేట దాకా ఫోన్లో ఒకే కామెడీ బిట్టు మళ్లీ మళ్లీ పెట్టుకుని, ప్రతిసారీ కొత్తగా నవ్వాడు. సౌండు తగ్గించమందామని లేచాను. ఆ నవ్వు చూశాక అడగబుద్ధి కాలేదు.

రాజమండ్రిలో ఆన్‌లైన్లో డబ్బు కట్టేసిన లాడ్జి ఒకటి. పేరెందుకులెండి. గుమాస్తా నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి, ‘వెనకాల ఎవరైనా వస్తున్నారాండీ?’ అన్నాడు. ఎవరూ రారన్నాను. ‘సింగిల్‌కి ఇవ్వమండి.’ యాప్‌లో ఒక్కరికే అని పెట్టి బుక్ చేశాను కదా అంటే, ‘యాప్‌కేం తెలుసండి’ అన్నాడు. ఒంటరిగా గది తీసుకున్న మనిషి ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని చాలాచోట్ల లాడ్జీల వాళ్లకు బెంగ. ఆ మాట పైకి అనలేక నసుగుతారు. ఇంతలో ఓనరు ఫోన్లోకి వచ్చి, ‘మీవారితో ఒక్క మాట మాట్లాడించండమ్మా’ అన్నాడు. యాభై దాటిన మనిషిని, ఆఫీసులో అందరి జీతాల బిల్లులూ చేసేదాన్ని. కోపం నషాళానికి అంటింది. కానీ చీకట్లో బ్యాగు పట్టుకుని హక్కుల గురించి ఉపన్యసించే ఓపిక లేక కలిపాను. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అందులో నా గురించి అర నిమిషం, మిగతాదంతా కొబ్బరికాయ ధర.

గది మాత్రం శుభ్రం. వేణ్నీళ్లు వచ్చాయి, దుప్పట్లు ఉతికినవే. గదికి ఎనిమిది మార్కులు, కౌంటరుకు ఒకటి. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే ముందురోజే ఫోన్ చేసి ‘సింగిల్ లేడీ’ అని తేల్చి చెప్పి, సరేనన్న మనిషి పేరు రాసి పెట్టుకోండి.

ఊళ్లో చూడాల్సినవి తొందరగా చెప్పేస్తాను. పుష్కర ఘాట్‌లో సాయంత్రం హారతి బాగుంటుంది, జనం ఉంటారు. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన పాత హేవలాక్ వంతెనను మెట్ల మీద కూర్చుని ఎంతసేపైనా చూడొచ్చు, టికెట్ లేదు. రోజ్‌మిల్క్ తాగకుండా వస్తే ఇంటి దగ్గర ఊరుకోరు కాబట్టి తాగాను. తీపి ఎక్కువ, అయినా రెండోది కూడా తాగాను. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆయన ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడు మనం బస్సులో దాటేది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ. నేను వెళ్లినప్పుడు లోపల ఇంకెవరూ లేరు. నేనూ, కాటన్ దొరా, నమూనాలూ. ప్రయాణం మొత్తం మీద నన్ను ఎవరూ ఏమీ అడగని చోటు అదొక్కటే.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వచ్చేస్తే లాభం లేదు. రేకు తీసే ఇంటి ముందు కాసేపు నిలబడాలి. పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మాయి నీళ్లలా పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగింది. చుయ్‌మంది. గుడ్డ పక్కన పెట్టేలోపే రేకు అంచులు లేచాయి, రెండు వేళ్లతో ఎత్తి పక్కన వేసింది. మళ్లీ గుడ్డ, మళ్లీ చుయ్. రోజుకెన్ని తీస్తావమ్మా అంటే ‘లెక్కెట్టనండి, నడుం చెప్తాది’ అంది, కుండ మీంచి చూపు తిప్పకుండానే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణాల్లో దాని గురించి గర్వంగా చెప్తారు, చెప్పుకోవాలి కూడా. నా ఓటు బెల్లం, నెయ్యి వేసినవాటికి. పంచదారవి రెండో వరుస. చాక్లెట్ పూతరేకులు కూడా అమ్ముతున్నారు. నా పక్కన నిలబడ్డ పిల్లాడు అవే కావాలని నేల మీద దొర్లాడు, వాళ్ల నాన్న కొనిచ్చాడు. నా మొహంలో ఏం కనిపించిందో, ‘పిల్లలు కదండీ’ అన్నాడు సంజాయిషీగా. నేనేమీ అనలేదు. అనకుండా ఉండటం చాలా కష్టమైంది.

అంబాజీపేట పొట్టిక్కల కోసం పొద్దున్నే వెళ్లాలి, ఆలస్యమైతే అయిపోతాయి. పనసాకులు నాలుగు కలిపి ఈనె పుల్లలతో గుచ్చి చిన్న బుట్టలు చేస్తారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే కొట్టే పచ్చి వాసనకే సగం కడుపు నిండుతుంది. కొబ్బరి చట్నీ, అల్లం పచ్చడి, కారప్పొడి మీద నెయ్యి. ఒంటరిగా తినేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. ఇంకో పొట్టిక్క చెప్పడానికి లేచామా, కుర్చీ పోతుంది. నా ఎదురుగా కూర్చున్నాయన ఇది గమనించి, నన్ను అడక్కుండానే ‘అమ్మగారికింకోటి ఎయ్యరా’ అని కేకేశాడు. నాకు అక్కర్లేదు. తిన్నాను.

అమలాపురంలో మధ్యాహ్నం భోజనం ఒక మెస్సులో. నేను శాకాహారిని. ఆ జిల్లాలో ఈ మాట చెప్తే ‘ఆరోగ్యం బాలేదాండీ?’ అన్నట్టు చూస్తారు. జనం ఎక్కువై నన్ను ఇద్దరు పట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎదుటి మనిషి ముందు రొయ్యల ఇగురు. వాసన నాకు పడదు, చిన్నప్పటి నుంచీ అంతే. మొహం మామూలుగానే పెట్టాననుకున్నాను. ఆయన నా విస్తట్లో పప్పూ, వంకాయ కూరా చూశాడు, తన ఇగురు గిన్నెను నెమ్మదిగా బల్ల అటు చివరికి జరిపి, మంచినీళ్ల జగ్గు మధ్యలో అడ్డం పెట్టాడు. అయ్యో, పర్వాలేదండీ, తినండి అన్నాను. ‘మా అమ్మ కూడా తినేది కాదండి. మాకు మాత్రం ఉప్పూ కారం సరిపోయేలా వండేది. రుచి చూడకుండా ఎలా వండేదో మరి!’ అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం అరిటాకుల మీద తలలు వంచేసుకున్నాం. ఆ మెస్సులో కూరగాయ ముక్కల పులుసు అద్భుతం, సాంబారు మాత్రం అడక్కండి.

యానాం ఒక పూట. ఎదుర్లంక దగ్గర గోదావరి పాయ గౌతమి మీద వంతెన దాటితే పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. 1954 దాకా ఫ్రెంచివాళ్లది. నది పక్క రోడ్డు శుభ్రంగా ఉంది, మందు దుకాణాలు ధారాళంగా ఉన్నాయి. మందు తాగనివాళ్లు చూడకపోయినా నష్టం లేదు.

అసలు నేను వెళ్లింది దిండి కోసం. గోదావరి ఇంకో పాయ వశిష్ట ఒడ్డున కూర్చుని, ఎవరితో మాట్లాడకుండా, నీళ్లు చూస్తూ ఉండాలని. ఏరు కనిపించే చోట ఒక ఇంట్లో గది తీసుకున్నాను. ఇంటావిడ నాకంటే కాస్త పెద్దావిడ, వచ్చిన గంటలోనే నన్ను ‘వదినగారూ’ చేసేసింది. వంటకు వంక పెట్టలేం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, గట్టి పెరుగు. కూరలో ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్లనీళ్లు తిరిగితే, ‘ఇంటి మీద బెంగ పెట్టుకోకండి వదినగారూ’ అంది.

ఏటి ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి కొబ్బరి బొండం వచ్చింది. తర్వాత కాల్చిన తేగలు, ఆ తర్వాత కాఫీ. ప్రతిదానితోనూ ‘ఏం తోచట్లేదేమో’ అని ఒక మాట. చివరికి ఆవిడే ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి, ‘పాపం, ఒక్కరూ కూర్చున్నారు’ అని పక్కన చతికిలబడింది. కోడలి ప్రసవం నుంచి కొబ్బరి తెగుళ్ల దాకా అన్నీ విన్నాను. చిరాకు పడ్డ మాట నిజం. చీకటి పడ్డాక ఆవిడ లేచి వెళ్లిపోతే, ఆ కోడలికి ఆడపిల్లా మగపిల్లాడా అడగలేదే అనిపించడం కూడా నిజమే.

మైకుల సంగతి ముందే చెప్పడం నా ధర్మం. తెల్లవారుజామున రామాలయం మైకు, ఆదివారం చర్చి మైకు, ఆ రెండూ ఊపిరి తీసుకునే వేళకు ఉల్లిపాయల బండి మైకు. నిద్ర తేలికైనవాళ్లు చెవుల్లో దూది పెట్టుకోండి. ఇబ్బందిగా ఉండదా అని ఇంటావిడను అడిగితే, ‘మొన్న గుళ్లో మైకు పాడైందండి, ఊరంతా ఆలస్యంగా లేచింది’ అంది. కొత్త మైకుకు చందాలు వేసుకున్నారట. చర్చికి వెళ్లేవాళ్లూ ఇచ్చారట, వాళ్ల పాలు కూడా ఆ వేళకే పితకాలి కదా.

హౌస్‌బోటు ఒక్కరికి దండగ. మనిషికింతని కాదు, బోటుకింతని అద్దె. చిన్న పడవలవాళ్లు కూడా ‘ఇంకో నలుగురు రానీండి’ అంటారు. భీమవరం నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ‘ఎక్కేయండి ఆంటీ’ అని నన్ను కలుపుకుంది. వాళ్ల పాటలు నాకు నచ్చలేదు, వాళ్ల జంతికలు నచ్చాయి. మీకు ప్రశాంతత కావాలంటే శని, ఆదివారాలు మాత్రం వద్దు, ప్రతి బోటులోనూ స్పీకర్లే.

తిరుగు ప్రయాణం అంతర్వేది మీదుగా. నరసింహస్వామి దర్శనం, వశిష్ట సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, రెండూ ఒక్క పొద్దులో అయిపోతాయి. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో వెళ్తే ఈ లెక్కలేవీ పనికిరావు. షేరు ఆటోలు దండిగా ఉన్నాయి, కాకపోతే నిండేదాకా కదలవు. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లనూ మనుషులనూ ఏరు దాటించే బల్లకట్టు, ఎక్కితే అవతల నరసాపురం, అక్కడి నుంచి హైదరాబాదు రైలు. ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు నేను పంటుకే ఇస్తాను. బైకులు, కార్లు, పాల క్యాన్లు, పెళ్లివారు, నేను, అందరం ఒకే చెక్క మీద నిలబడి దాటాం. మనిషికి ఒక టికెట్, తోడున్నా లేకపోయినా. ఎక్కేటప్పుడు బైకుల వైపు మాత్రం వెళ్లకండి. అప్పుడే ఆపిన సైలెన్సర్లు కాలిపోతుంటాయి, నా సిల్కు చీర కుచ్చిళ్లలో రూపాయి బిళ్లంత కన్నం ఇప్పటికీ ఉంది.