చెక్క యాట్ అన్నారు, ఫైబర్ బోటు ఎక్కించారు

సియాటిల్‌లో పాతకాలపు చెక్క యాట్‌లో షికారు అని ఆన్‌లైన్‌లో ఫొటో చూసి మనిషికి 89 డాలర్లు, ముగ్గురికి 267 కట్టాం. నాన్న కోసమే. మాది తాళ్లరేవు, తాతయ్య నావలు కట్టే వడ్రంగి. అమెరికా వచ్చాక నాన్న నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

శనివారం రేవుకు వెళ్తే తెల్ల ఫైబర్ బోటు నిలబడి ఉంది. "ఆ పడవ రిపేర్లో ఉంది, ఎందులో వెళ్లినా చూసేది అదే సరస్సు కదా" అన్నాడు టికెట్ల కుర్రాడు. ఎక్కేటప్పుడు నాన్న అంచు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి విన్నారు. "డొల్ల" అన్నారు. గంటన్నరసేపు కిటికీ వైపు చూడలేదు. మా ఆయన పోట్లాడితే మనిషికి 20 చొప్పున వెనక్కి ఇస్తామన్నారు. బుక్ చేసే ముందు పడవ పేరు, కట్టిన సంవత్సరం మెయిల్‌లో అడగండి. చెప్పకపోతే డబ్బు కట్టకండి.

అంతకు రెండు రోజుల ముందు మ్యూజియం ఆఫ్ ఫ్లైట్ అనే విమానాల మ్యూజియంలో పైసా ఖర్చు లేకుండా చూసిందే అసలైనది. నెలలో మొదటి గురువారం సాయంత్రం ప్రవేశం ఉచితం. అక్కడి రెడ్ బార్న్ ఒకప్పుడు పడవల షెడ్డు. కలప వ్యాపారి విలియం బోయింగ్ టాకొనైట్ అనే తన యాట్ కట్టించుకోవడానికి 1910లో డువామిష్ నది ఒడ్డున పడవలు కట్టే హీత్ యార్డునే కొనేశాడు. ఆ షెడ్డే తర్వాత విమానాల ఫ్యాక్టరీ అయింది. 1975లో దాన్ని బార్జి అనే బల్లపరుపు పడవ మీద ఇక్కడికి తరలించారు. లోపల విమానం రెక్కకు వాడే సన్నటి చెక్క పక్కటెముకలు చూసి నాన్న అక్కడే ఆగిపోయారు. "ఇది పడవ వడ్రంగుల పనేనమ్మా" అన్నారు.

బోయింగ్ పేరు చెబితే మనకు విమానమే గుర్తొస్తుంది. ఆయన ప్రాణం మాత్రం పడవ మీద. అదే టాకొనైట్ పేరుతో 1930లో ఇంకో యాట్ కట్టించాడు. వాంకూవర్ కోల్ హార్బర్‌లో, తన కంపెనీ కెనడా యార్డులోనే. 125 అడుగులు, టేకు. టాకొనైట్ అంటే ఇనుప ఖనిజం, వాళ్ల నాన్న ఆస్తి కలప నుంచి, ఇనుప గనుల భూముల నుంచి వచ్చిందే. 1934లో కంపెనీ నుంచి తప్పుకున్నాడు, పడవను మాత్రం వదల్లేదు. 1956 సెప్టెంబరు 28న ఆ టాకొనైట్ మీదే కన్నుమూశాడు. ఇది విని నాన్న చాలాసేపు మాట్లాడలేదు.



ఆదివారం లేక్ యూనియన్ ఒడ్డున సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్‌కి వెళ్లాం. ఆదివారాలు ఉచితంగా చెక్క పడవల్లో తిప్పుతారు, పొద్దున్నే వెళ్లి పేరు రాయించుకోవాలి. బోయింగ్ మొదటి విమానం 1916లో లేచింది ఈ నీళ్ల మీద నుంచే. నిన్నటి షికారులో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. వాలంటీరు పెద్దాయన నాన్న చేతికి చుక్కాని ఇచ్చాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పలకల అతుకులు చూపించుకుంటూ అరగంట గడిపేశారు. దిగాక నాన్న మమ్మల్ని అడగకుండానే తన జేబులోంచి 20 డాలర్లు తీసి విరాళాల డబ్బాలో వేశారు.