ఓబర్‌సాల్జ్‌బర్గ్‌లో ఒక్క పూట: పైన బంగళానా, కింద బంకర్లా?

మ్యూనిక్ చుట్టుపక్కల చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లు శనివారం వచ్చిందంటే డాయిష్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లకి, బస్సులకి పనికొచ్చే నెలవారీ పాస్) పట్టుకుని బెర్ష్టెస్‌గాడెన్ రైలెక్కేస్తుంటారు. ఫ్రైలాసింగ్‌లో రైలు మారి అక్కడికి చేరేసరికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. మళ్లీ తిరుగు ప్రయాణం ఉండనే ఉంది. కాబట్టి చేతిలో మిగిలేది ఒక్క పూటే. ఊరికి పైనున్న ఓబర్‌సాల్జ్‌బర్గ్ కొండమీదికి బస్సులో వెళితే నాజీల కాలం నాటివి రెండు కనిపిస్తాయి. ఒకటి శిఖరం మీది కేల్‌ష్టైన్‌హౌస్ అనే బంగళా. ఇంగ్లీషువాళ్లు ఈగిల్స్ నెస్ట్ అనేది దీన్నే. రెండోది డాక్యుమెంటేషన్ ఓబర్‌సాల్జ్‌బర్గ్ మ్యూజియం, దాని కిందున్న బంకర్లు. రెండూ హడావుడిగా చూసే కంటే ఒకటి స్థిమితంగా చూడటం నయం. మరి ఏది?

చాలామంది ఓటు కేల్‌ష్టైన్‌కే. 1,834 మీటర్ల ఎత్తు. అక్కడికి సొంత కారు పోనివ్వరు, విడిగా టికెట్ కొని ప్రత్యేక బస్సు ఎక్కాలి. ఆరున్నర కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. కిటికీ పక్క సీటు దొరికినవాడిది అదృష్టమో కాదో వాడి గుండె ధైర్యాన్ని బట్టి ఉంటుంది. బస్సు దిగాక కొండలోకి తొలిచిన 124 మీటర్ల సొరంగంలో నడవాలి. లోపల చలి, చెమ్మ. దాని చివర లిఫ్టు. చుట్టూ ఇత్తడి గోడలు తళతళ మెరుస్తుంటాయి, అద్దాల్లో మన మొహాలే నాలుగైదు చోట్ల కనిపిస్తుంటాయి. ఆ లిఫ్టు ఇంకో 124 మీటర్లు పైకెక్కి నేరుగా బంగళాలో దింపుతుంది.

ఆకాశం తేటగా ఉందా, ఆ దృశ్యానికి తిరుగులేదు. మబ్బు పట్టిందా, ఎదురుగా ఉన్న మనిషి కూడా సరిగ్గా కనబడడు. అప్పుడు టికెట్ డబ్బులు కొండపాలే.

నా అభ్యంతరం వాతావరణం గురించి కాదు. మన రీల్స్‌లో దీన్ని 'హిట్లర్ ఇల్లు' అని చూపిస్తుంటారు. ఆయన ఇక్కడ కాపురం ఉన్నది లేదు. నాజీ పార్టీ డబ్బుతో, ఆ పార్టీ పెద్దల్లో ఒకడైన మార్టిన్ బోర్మన్ దగ్గరుండి కట్టించాడు. పని 1938లో పూర్తయింది. 1939 ఏప్రిల్‌లో హిట్లర్ 50వ పుట్టినరోజు నాటికి కానుకగా అందింది. ఆయన అధికారికంగా వచ్చింది పదిహేనుసార్లకు లోపే. ఎత్తంటే బెరుకని చెబుతుంటారు. హిట్లర్ రోజూ టీకి నడిచి వెళ్లిన టీ హౌస్ వేరే చోట ఉండేది, ఈ రెంటినీ కలిపేసి చెప్పే గైడ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు బంగళాలో ఉన్నది రెస్టారెంటు. ముస్సోలినీ పంపాడనే ఎర్ర చలువరాయి చలిపొయ్యి ముందు నిలబడి జనం ఫొటోలు దిగుతుంటారు. కాఫీ, కేక్, కొండలు. చరిత్ర గురించి అక్కడక్కడా నాలుగు బోర్డులున్నా, ఆ ఎండలో వాటి ముందు ఆగేవాళ్లు తక్కువ.

హిట్లర్ అసలు ఇల్లు కింద ఓబర్‌సాల్జ్‌బర్గ్‌లో ఉండేది, పేరు బెర్గ్‌హాఫ్. 1928లో అద్దెకు తీసుకున్న చిన్న ఇంటిని 1933లో కొని, తర్వాత పెద్ద భవనంగా పెంచారు. చుట్టూ తరతరాలుగా ఉన్న రైతుల్ని, హోటళ్లవాళ్లని బోర్మన్ ఖాళీ చేయించాడు. అమ్మనన్నవాళ్లకి బెదిరింపులే. 1938 సెప్టెంబర్ 15న బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ వచ్చి కూర్చున్నది ఆ ఇంట్లోనే. 1945 ఏప్రిల్ 25న బ్రిటిష్ విమానాలు కొండమీద బాంబులు కురిపించాయి, మిగిలిన శిథిలాలను 1952లో పేల్చేశారు. ఇప్పుడు అక్కడ చెట్ల మధ్య వెనక గోడ ముక్క, ఒక సమాచార బోర్డు, అంతే. మ్యూజియం నుంచి నడిచి వెళ్లొచ్చు.

మ్యూజియం 1999లో తెరిచారు. మ్యూనిక్‌లోని సమకాలీన చరిత్ర సంస్థ దాన్ని చూసుకుంటుంది. 2023లో కొత్త భవనం, కొత్త ప్రదర్శన వచ్చాయి. వివరాలు ఇంగ్లీషులోనూ ఉంటాయి కాబట్టి జర్మన్ రాదన్న బెంగ అక్కర్లేదు. ఇందులో నాకు బాగా నచ్చింది పక్కపక్కన పెట్టిన తీరు. ఒక పక్క హిట్లర్ సొంత ఫొటోగ్రాఫర్ హాఫ్‌మన్ తీసిన ఫొటోలు: కొండల నేపథ్యం, నవ్వుతున్న పిల్లలు, కుక్కని నిమురుతున్న నాయకుడు. పోస్టుకార్డులుగా అమ్ముడుపోయిన బొమ్మలవి. ఇంకో పక్క అదే ఏళ్లలో ఈ కొండ మీద తీసుకున్న నిర్ణయాలు ఎక్కడెక్కడి ఊళ్లలో ఎవరి ప్రాణాలు తీశాయో. ఎన్నికల సీజన్‌లో మన ఫ్లెక్సీలు చూసి చూసి ఉన్న కళ్లకి ఆ ఫొటోల పనితనం ఇట్టే అర్థమవుతుంది.

అక్కడి నుంచి మెట్లు దిగితే బంకర్లు. 1943లో యుద్ధం ఎదురు తిరిగాక తవ్వడం మొదలుపెట్టారు. తవ్విన కూలీల్లో విదేశాల నుంచి బలవంతంగా తెచ్చినవాళ్లూ ఉన్నారు. కొండ కింద మొత్తం ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగాలున్నా, చూడనిచ్చేది కొంతే. దిగగానే ఎదురు గోడలో మెషిన్ గన్ గూళ్లు, మెట్లు దిగే ప్రతి మనిషీ వాటి గురిలో ఉండేలా. సామాన్లు ఎప్పుడో పోయాయి. వట్టి కాంక్రీటు, ఉత్త గదులు, తర్వాత వచ్చిన సైనికులు గోడల మీద గీసిన పేర్లు. ఎండాకాలంలో కూడా స్వెటర్ కావాలి. ఒక సొరంగం తవ్వకం సగంలో ఆగి, బండ దగ్గరే అంతమైపోతుంది. ఇంత చేసి, హిట్లర్ 1944 జులైలో ఇక్కడి నుంచి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. బాంబులు పడ్డ రోజు బెర్లిన్‌లో వేరే బంకర్లో ఉన్నాడు.

నన్నడిగితే మ్యూజియం, బంకర్లే. తీరిగ్గా చూస్తే మూడు గంటలు సులువుగా గడుస్తాయి. ఇది చలికాలంలోనూ తెరిచే ఉంటుంది, కేల్‌ష్టైన్ మాత్రం మే మధ్య నుంచి అక్టోబర్ దాకానే, మంచు కురిస్తే అదీ లేదు. చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకి మాత్రం నా సలహా వేరు: ఆ ఫొటోలు వాళ్లకి వద్దు, బంకర్లో గంటసేపు నిలబడరు. కేల్‌ష్టైన్ బస్సు ఎక్కండి, లేదంటే కింద ఉప్పు గనికో కోనిగ్‌సీ చెరువుకో పోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉంటే బంకర్ మెట్ల సంగతి ముందే చూసుకోండి. వాళ్లకీ పైన లిఫ్టే సుఖం.

రెండూ చూసి తీరాలనుకుంటే పొద్దున్నే మొదటి రైలు పట్టుకుని ముందు మ్యూజియానికి వెళ్లండి, మధ్యాహ్నం పైకి. పైన సంగతి కింద తెలుసుకుని ఎక్కితే ఆ ఇత్తడి లిఫ్టు ఖర్చు ఎవరి నెత్తిన పడిందో తెలుస్తుంది. తిరుగు బస్సు వేళ మాత్రం ఎక్కే ముందే చూసి పెట్టుకోండి, సాయంత్రం క్యూలో టెన్షన్ పడి ఫ్రైలాసింగ్ రైలు పోగొట్టుకోవద్దు.