సిసిలీ బరోక్ ఊళ్లు: ఎక్కడ ఉండాలి, ఏది వదిలెయ్యొచ్చు

బరోక్ అంటే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో యూరప్‌లో నడిచిన, నగిషీలు దండిగా ఉండే కట్టడాల శైలి. ఆ బరోక్ చర్చిలు చూడాలంటే రోమ్ చాలు, కానీ ఊరు ఊరంతా బరోకే కావాలంటే ఇటలీ దీవి సిసిలీ ఆగ్నేయ మూలకి, వాల్ ది నోతో అనే ఏరియాకి పోవాల్సిందే. 1693 జనవరి 11న వచ్చిన భూకంపానికి ఇక్కడ ఊళ్లకి ఊళ్లే నేలమట్టమైపోయాయి, అరవై వేల మంది దాకా పోయారంటారు. ఆ తర్వాత అన్నీ ఇంచుమించు ఒకే కాలంలో అప్పటి ఫ్యాషన్‌లో మళ్లీ కట్టుకున్నారు కాబట్టే 2002లో యునెస్కో ఎనిమిది ఊళ్లని కలిపి ఒకే ఎంట్రీగా లిస్టులో పెట్టింది. ఎనిమిదీ తిరగక్కర్లేదు.

ముందు స్టే సంగతి. అందరూ నోతో ఊళ్లో రూమ్ తీసుకుంటారు, నన్నడిగితే రగూసా ఈబ్లాలో, అంటే రగూసా ఊళ్లోని పాత భాగంలో తీసుకోండి. నోతో పగలు చూసే ఊరు, ఈబ్లా రాత్రి ఉండే ఊరు, టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఆ సందుల్లో నడుస్తుంటే ఉండే హాయి వేరే. కాకపోతే బుక్ చేసే ముందు మెట్లెన్నో అడగండి, మా బీ అండ్ బీ ఆయన "సెంటర్‌కి దగ్గరే" అన్నాడు, నిజమే, కానీ ఆ దగ్గర అంతా మెట్లే, పెద్ద సూట్‌కేసులు మోసుకుంటూ ఎక్కేసరికి మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. రూమ్ మాత్రం నీట్‌గా ఉంది, బ్రేక్‌ఫాస్ట్ అంతా స్వీట్లే. సిటీ టాక్స్ విడిగా క్యాష్ ఇమ్మంటారు, చిల్లర ఉంచుకోండి.

నోతో పాత ఊరిని కొండమీదే వదిలేసి, కొన్ని కిలోమీటర్ల దూరంలో కొత్త స్థలంలో ప్లాన్ గీసి మరీ కట్టారు. తేనె రంగు సున్నపురాయి, సాయంత్రం ఎండ పడితే వీధంతా బంగారం పూసినట్టు ఉంటుంది, ఫోటోలకి ఆ టైమే పెట్టుకోండి. పాలాజ్జో నికోలాచి బాల్కనీల కింద తప్పకుండా ఆగండి, ఇనుప గ్రిల్స్ కడుపుతో ఉన్నట్టు ముందుకి ఉబ్బి ఉంటాయి, వాటిని మోసే రాతి దిమ్మల మీద సింహాలు, రెక్కల గుర్రాలు, గడ్డం ముసలాళ్లు, ఒక్కో మొహం ఒక్కోలా వెక్కిరిస్తుంటుంది. కెథెడ్రల్ కథ ఇంకా ఇంట్రస్టింగ్. 1990 భూకంపానికి దెబ్బతిని ఉన్న గోపురం 1996 మార్చి 13న కూలిపోయింది, అదృష్టం కొద్దీ లోపల ఎవరూ లేరు. తీరా చూస్తే పైకి గట్టిగా కనిపించే స్తంభాల లోపల నింపింది రాళ్ల ముక్కలే! కాంక్రీటు పోసి చేతులు దులుపుకోకుండా పాత పద్ధతిలో రాయి చెక్కి కట్టి 2007లో తెరిచారు. లోపలికెళ్తే మరీ కొత్తగా, తెల్లగా ఉంటుంది, కొందరికి నచ్చదు, నాకు మాత్రం హెరిటేజ్ కాపాడ్డం అంటే ఇదీ అనిపించింది.

మోదికాలో సాన్ జోర్జో చర్చి ఉంది చూశారూ, మొత్తం ట్రిప్‌లో నా ఓటు దానికే. కింద మెయిన్ రోడ్డు నుంచి రెండొందల పైచిలుకు మెట్లు, పైకెక్కేకొద్దీ ఆ ముఖభాగం అంతస్తు మీద అంతస్తు లేస్తూ వస్తుంది. ఈబ్లాలో రొసారియో గలియార్ది అనే ఆర్కిటెక్ట్ గీసిన సాన్ జోర్జో కూడా బాగుంటుంది, కానీ మోదికాలో మెట్లు కూడా బిల్డింగ్‌లో భాగమే అయిపోయాయి. దిగొచ్చి చాక్లెట్ కొనుక్కోండి, తక్కువ వేడి మీద చేస్తారు కాబట్టి పంచదార కరగదు, పలుకులు పంటికింద తగులుతుంటాయి. మా పిల్లలకి నచ్చలేదు, నాకు పిచ్చిగా నచ్చింది.

షిక్లి చిన్నది, రద్దీ తక్కువ, ఒక పూట చాలు. ఓ టీవీ డిటెక్టివ్ సీరియల్ అక్కడ తీశారని జనం వస్తారు, మీరు పాలాజ్జో బెనెవెంతానో మూల మీద ఉన్న విచిత్రమైన తలకాయలు చూడ్డానికి వెళ్లండి. కతానియా ఎయిర్‌పోర్ట్ కోసం ఎలాగూ తగులుతుంది, ఎట్నా అగ్నిపర్వతం లావా నల్లరాయీ తెల్లరాయీ కలిపి కట్టిన ఊరు, ఏనుగు ఫౌంటెన్ చూసి, వంకాయ వేసిన పాస్తా అల్లా నోర్మా తినేయండి, వెజిటేరియన్లకి అక్కడ దిగుల్లేదు.

ట్రాన్స్‌పోర్ట్ మాత్రం తలనొప్పే. సిరకూసా నుంచి నోతో, షిక్లి, మోదికా, రగూసా మీదుగా డీజిల్ ట్రైన్ ఉంది, ఈబ్లా దగ్గర సొరంగంలో గుండ్రంగా తిరిగి పైకెక్కుతుంది, భలే ఉంటుంది, కానీ సర్వీసులు తక్కువ, ఆదివారం అస్సలు నమ్ముకోవద్దు. నోతో స్టేషన్ ఊరికి కింద ఉంటుంది, ఎండలో ఎక్కాలి. కారు తీసుకుంటే పాత ఊళ్లలో జెడ్‌టీఎల్ (బయటి బళ్లకి ఆంక్షలుండే జోన్) బోర్డులు చూసుకోండి, పర్మిట్ లేకుండా దూరితే కెమెరా పట్టేస్తుంది, ఫైన్ నెలల తర్వాత ఇంటికొస్తుంది. చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు, మళ్లీ నాలుగింటికే తెరిచేది, భోజనం ఆ టైమ్‌కి పెట్టుకోండి.