పాయింట్ రేయెస్: సముద్రం ఉచితం, గది మాత్రం 519 డాలర్లు

శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న పార్కు పాయింట్ రేయెస్, తప్పకుండా వెళ్లండి. రాత్రి మాత్రం అక్కడ ఉండకండి. ముఖ్యంగా ఫోటోలు చూసి కాటేజీ బుక్ చేయకండి. ఈ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మధ్యలో ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువుల గురించి కాస్త ఎక్కువ మాట్లాడితే ఓర్చుకోండి, వాటి ముందు కాటేజీ గొడవ కూడా చిన్నదైపోయింది.

బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లకి అమ్మానాన్నలు రాగానే ఒక జాబితా ఉంటుంది: లివర్‌మోర్ గుడి, గోల్డెన్ గేట్, లేక్ టాహో, యోసెమిటీ. మా అత్తయ్య, మామయ్య వాటిని పోయినసారే చూసేశారు. మామయ్య విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి సముద్రం చూపించకపోతే ఏ ఊరు చూపించినా "బాగుందమ్మా" అని ఊరుకుంటారు. అందుకని 2025 జనవరిలో ఒక శుక్రవారం పొద్దున్నే ఫ్రీమాంట్ నుంచి బయల్దేరాం. పెట్రోలు శాన్ రఫెల్‌లోనే నింపుకోండి, పార్కు లోపల బంకు లేదు. రిచ్‌మండ్ బ్రిడ్జి టోలు అప్పుడు 8 డాలర్లు, అదీ వెళ్లేటప్పుడే. పార్కులోకి ప్రవేశ రుసుము లేనే లేదు. 1962లో కెనెడీ సంతకంతో ఇది నేషనల్ సీషోర్, అంటే ప్రభుత్వం కాపాడే తీరం అయింది. తీరం వెంట పెద్ద ఇళ్లు, హోటళ్లు లేవంటే ఆ సంతకం పుణ్యమే.

ఈ నేల కథ కూడా వింతే. భూకంపాలు పుట్టించే శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ అనే భూమి పగులుకి అవతలి పక్కన, పసిఫిక్ సముద్రాన్ని మోసే పలక మీద ఉందిది. ఇన్వర్‌నెస్ ఊరు దగ్గర సన్నగా, పొడుగ్గా కనిపించే టొమేలెస్ బే ఆ ఫాల్ట్ మీదే ఉంది. 1906 భూకంపంలో ఈ ముక్క దాదాపు 20 అడుగులు వాయవ్యానికి జరిగిందట. బేర్ వ్యాలీ విజిటర్ సెంటర్ దగ్గర ఎర్త్‌క్వేక్ ట్రయిల్ అని చిన్న నడక ఉంది. పెద్దవాళ్లు కూడా హాయిగా నడవొచ్చు.

అక్కడి నుంచి లైట్‌హౌస్‌కి ఇంకో ముప్పావు గంట. దారికి రెండు వైపులా పచ్చిక, ఆవులు, పాత డెయిరీలు. అత్తయ్య మొహం మొదటిసారి వెలిగింది ఇక్కడే. ఆ నెలలోనే ఒక ఒప్పందం కుదిరి, పార్కులోని చాలా డెయిరీలు, పశువుల రాంచులు ఖాళీ చేయబోతున్నాయని మా ఆయన చెబితే, "మరి ఆవులెక్కడికి పోతాయిరా?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకి మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇన్వర్‌నెస్ దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

గాలి గురించి ఎవరు ఎంత చెప్పినా అక్కడ దిగేదాకా అర్థం కాదు. అమెరికా పసిఫిక్ తీరంలో ఇంత గాలి కొట్టే చోటు ఇంకోటి లేదంటారు. కారు తలుపు తెరవడానికి మామయ్య రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. పార్కింగ్ నుంచి విజిటర్ సెంటర్‌కి అర మైలు లోపే, కానీ ఎత్తు. అక్కడి నుంచి లైట్‌హౌస్‌కి 313 మెట్లు కిందికి. గాలి గంటకి 40 మైళ్లు దాటితే మెట్లు మూసేస్తారు. మేం వెళ్లేసరికి గొలుసు వేసి ఉంది. మా ఆయన మొహం మాడిపోయింది. రేంజరమ్మాయి మాత్రం నవ్వుతూ "ఒంటి గంట దాకా ఆగి చూడండి" అంది. లోపల కూర్చుని పులిహోర తిన్నాం. నిజంగానే ఒంటి గంటకి గొలుసు తీసింది.

లైట్‌హౌస్‌ని కొండ నెత్తిన కాకుండా ఇంత కింద కట్టడానికి కారణం పొగమంచు. పైన దట్టంగా పట్టేస్తే దీపం ఓడలకి కనబడదు, కింద కాస్త తెరిపిగా ఉంటుంది. దీపం వెలుగుని దూరానికి పంపే లోపలి ఫ్రెనెల్ లెన్స్ 1867లో ఫ్రాన్స్‌లో తయారైంది, 1870లో వెలిగింది, 1975లో రిటైరైంది. ఇప్పటికీ అక్కడే ఉంది, వెయ్యికి పైగా గాజు ముక్కలు. దాన్ని తిప్పే గడియారపు యంత్రానికి రెండు గంటల ఇరవై నిమిషాలకోసారి, రాత్రంతా, బరువు పైకి చుట్టాల్సి వచ్చేదట. మామయ్య దాని చుట్టూ తిరుగుతూ "మా విశాఖ లైట్‌హౌస్‌లో, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద వాళ్లకి ఈ బాధ లేదు" అన్నారు.

అలిపిరి మెట్లు ఎక్కిన అత్తయ్యకి 313 మెట్లంటే నవ్వొచ్చింది. కానీ తిరుపతిలో ఓపిక ఉన్నప్పుడు ఎక్కి అలిసినప్పుడు దిగుతాం, ఇక్కడ అంతా తలకిందులు. తిరిగి ఎక్కేటప్పుడు బెంచీ కనబడ్డ ప్రతిచోటా కూర్చుంది. అలా కూర్చున్నప్పుడే తిమింగలాన్ని మొదట చూసింది కూడా ఆవిడే. "అదిగో, ఎవరో పొగ వదులుతున్నారు!" అని అరిచింది. నీళ్ల మీద తెల్లటి ఊపిరి, ఆ తర్వాత బూడిదరంగు వీపు. అలాస్కా నుంచి మెక్సికోలోని బాహా మడుగులకి ఈనడానికి పోయే గ్రే వేల్స్ అవి. దక్షిణానికి వెళ్లేవి జనవరి మధ్యలో ఎక్కువ. 38 డాలర్లు పెట్టి కొన్న బైనాక్యులర్స్ మామయ్య మెడలోనే వేలాడుతున్నాయి, ఆయన మాత్రం అటు చూసేసరికి ఒక్కటీ లేదు. సాయంత్రం దాకా ఆ కోపం తగ్గలేదు.

ఇక కాటేజీ. పేరు రాయను. వెబ్‌సైట్‌లో రాత్రికి 265 డాలర్లు అని ఉంది. దానికి శుభ్రం చేసే ఖర్చు 140, సర్వీస్ ఫీజు 58, పన్ను 56.70. మొత్తం 519 డాలర్ల 70 సెంట్లు. ఫోటోలో కిటికీ నిండా సముద్రం. తీరా చూస్తే రెండు చెట్ల మధ్య, సింకు మీద వంగి చూస్తే, అరచేయంత బే కనబడుతోంది. హీటరు హాల్లో ఒకటే. పడగ్గదులు రెండూ ఐసుపెట్టెలు. కట్టెల పొయ్యి ఉంది, కట్టెలు ఆరు. ఇంకో మోపు కావాలంటే 15 డాలర్లు.

అసలు బాధ ఫ్రిజ్ మీద అంటించిన కాగితం. స్నానం ఐదు నిమిషాలకి మించకూడదు, సెప్టిక్ ట్యాంకు నిండిపోతుందట. వెళ్లేముందు దుప్పట్లు తీసి మెషీన్ దగ్గర వేయాలి. గిన్నెలు కడగాలి. చెత్త రోడ్డు దాకా మోసుకెళ్లాలి. పొద్దున పదికల్లా బయట పడాలి. అన్నిటికంటే కింద, లావుపాటి అక్షరాల్లో: ఘాటైన వాసన వచ్చే వంటలు చేస్తే 100 డాలర్లు అదనం. ఇది బుకింగ్ పేజీలో ఎక్కడా లేదు. చారు పెడదామని ఇంగువ డబ్బా చేతిలో పట్టుకున్న అత్తయ్యకి మా ఆయన ఆ వాక్యం చదివి వినిపించాడు. ఆవిడ డబ్బా సంచిలో పెట్టేసి, ఇంక ఆ రాత్రి మాట్లాడలేదు. చల్లటి పెరుగన్నం, ఆవకాయ తిన్నాం, అదీ మూత గట్టిగా బిగించి పెట్టుకుని. మామయ్య మాత్రం ఫోన్‌లో లెక్కవేశారు. "నలభై అయిదు వేలు. గిన్నెలు మనం కడిగితే 140 డాలర్లు ఎవరు కడిగినందుకు?" మంకీ క్యాపులు, రెండేసి స్వెటర్లతో పడుకున్నాం. యజమానికి మెసేజ్ పెడితే, పల్లెటూరి అందం అంటే ఇలాగే ఉంటుంది అని జవాబు, 25 డాలర్లు వెనక్కి ఇస్తానని మాట. ఆ మాట ఇప్పటికీ మాటగానే ఉంది.

ఉండక తప్పని వాళ్లు పెటలూమాలో గానీ నొవాటోలో గానీ మామూలు మోటెల్ చూసుకోండి. అందంగా ఉండదు, వెచ్చగా ఉంటుంది.

శనివారం పొద్దున కారులో ఎవరూ ఎవరితో మాట్లాడని పరిస్థితిలో డ్రేక్స్ బీచ్‌కి చేరాం. తెల్లటి కొండచరియలు, కింద ఇసుక, ఇసుక మీద పడేసిన గోనె బస్తాల్లా ఏవో. ఒక బస్తా తల ఎత్తి గొంతు సవరించుకుంది. పాత డీజిల్ ఇంజిన్ రాత్రంతా మొరాయించి స్టార్టయినట్టు వినిపించింది. అత్తయ్య మా ఆయన చెయ్యి పట్టుకుంది. నిన్న రాత్రి తర్వాత అదే మొదటి రాజీ.

అవే ఎలిఫెంట్ సీల్స్. మగవి కొన్ని రెండు టన్నులు కూడా దాటతాయి, ముక్కు తొండంలా వేలాడుతుంది. నూనె కోసం పందొమ్మిదో శతాబ్దంలో వీటిని వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. మెక్సికోకి చెందిన గ్వాడలూప్ దీవి దగ్గర కొద్దిపాటివి మిగిలాయి, ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే. పాయింట్ రేయెస్‌కి 1970ల్లో తిరిగొచ్చాయి, 1981 నుంచి ఇక్కడ పిల్లల్ని కంటున్నాయి. 2019 జనవరిలో బడ్జెట్ కుదరక ప్రభుత్వ ఆఫీసులు మూతపడి (షట్‌డౌన్) పార్కులో సిబ్బంది లేనప్పుడు ఈ బీచ్‌నే ఆక్రమించి, పార్కింగ్ దాకా వచ్చేశాయి. వాలంటీర్‌గా నిలబడ్డ ఒక పెద్దాయన ఇదంతా చెప్పాడు. జీతం లేదు, టిప్పు తీసుకోడు, అడిగిన ప్రశ్న మళ్లీ అడిగినా విసుక్కోలేదు. మా దగ్గర 519 డాలర్లు పుచ్చుకున్న మనిషికి లేని మర్యాద ఆయన దగ్గర చూశాం.

తల్లి నెలరోజులు ఏమీ తినకుండా పాలిస్తుందనీ, పుట్టినప్పుడు డెబ్బై పౌన్లున్న పిల్ల ఆ నెలలో మూడొందల దాకా పెరుగుతుందనీ, ఆ తర్వాత తల్లి దాన్ని ఇసుకలోనే వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుందనీ చెప్పాడు. నేను తెలుగులో చెబుతుంటే అత్తయ్య వింటూ, "నెల తిరక్కుండానే వదిలేస్తుందా? మరి ఈత ఎవరు నేర్పుతారు?" అంది. ఎవరూ నేర్పరట, ఆకలేస్తే అదే నేర్చుకుంటుందట. ఆవిడ మా ఆయన వైపు చూసి, "నువ్వు ఇంజనీరింగ్‌కి వెళ్లినప్పుడు కూడా నేను వారం తిన్లేదు" అంది. మా ఆయన నీళ్లు నమిలాడు. అక్కణ్ణించి కదల్చడానికి గంటన్నర పట్టింది. 25 అడుగుల దూరం పాటించమంటారు, పాటించండి. అంత బరువున్న మగది ఎంత వేగంగా పరిగెత్తగలదో కళ్లారా చూశాం.

దారిలో మామయ్య కోసం ఆగిన చోటు పాత కేపీహెచ్ రేడియో స్టేషన్. ఓడలతో మోర్స్‌లో, అంటే టకటకల సంకేతాల్లో మాట్లాడేది, 1997లో మూగబోయింది. శనివారం మధ్యాహ్నాలు వాలంటీర్లు తెరిచి పాత యంత్రాలు నడుపుతారు. సైప్రస్ చెట్ల సొరంగం ఫోటో కోసం జనం గేటు దగ్గరే ఆగి వెళ్లిపోతున్నారు. లోపలికి వెళ్లండి. టకటకలు వినగానే మామయ్యకి వేల్ చూడలేదన్న దిగులు పోయింది.

టూలీ ఎల్క్ అనే పెద్ద దుప్పుల కోసం పియర్స్ పాయింట్ రోడ్డు పట్టుకోవాలి. 1978లో పదింటిని తెచ్చి వదిలితే మందలయ్యాయి. వాటిని ఆపిన కంచెను 2024 డిసెంబర్‌లో తీయడం మొదలుపెట్టారు. కొమ్ములున్న మగవి రోడ్డు పక్కనే మేస్తున్నాయి, కారు దిగక్కర్లేదు.

లైట్‌హౌస్ శుక్రవారం నుంచి సోమవారం దాకానే తెరుస్తారు. శీతాకాలం వారాంతాల్లో రద్దీకి ఆ దారి కార్లకి మూసి షటిల్ బస్సు నడిపిన ఏళ్లున్నాయి, బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోండి. వేసవిలో పొగమంచు తప్ప ఏమీ కనబడకపోవచ్చు. ఏప్రిల్‌లో గ్రే వేల్స్ పిల్లల్ని వెంటేసుకుని ఉత్తరానికి వెళ్తాయి, మామయ్య అప్పటిదాకా ఇక్కడే ఉంటారు. మా ఆయన గది చూస్తానంటే, తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చేద్దామని అత్తయ్య తేల్చేసింది. చారు ఫ్లాస్కులో పోసుకెళ్తాం.