పైన కార్బన్, లోపల గాజు పీచు: శాండ్‌విచ్ ప్యానెళ్లు కొనే స్టూడెంట్ జట్లకు హెచ్చరిక

ఫార్ములా భారత్‌కి (స్టూడెంట్ జట్లు తామే రేసు కారు తయారుచేసి దిగే పోటీ) కారు కడుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఛాసిస్ (కారు చట్రం) కోసం రెడీమేడ్ కార్బన్ శాండ్‌విచ్ ప్యానెళ్లు, అంటే తేలికపాటి కోర్‌కి రెండు వైపులా పలుచటి గట్టి స్కిన్ అంటించిన పలకలు, కొనాలనుకుంటుంటే అడ్వాన్స్ పంపే ముందు ఇది పూర్తిగా చదవండి. మా జట్టు కొన్నది, మోసం జరిగింది. పైన చక్కగా మెరిసే ట్విల్ నేత ఒక్క పొర, దాని కింద అంతా నల్ల రంగు కలిపిన రెజిన్‌లో (పీచుని పట్టి ఉంచి గట్టిపడే జిగురు) గాజు పీచు, అందులోనూ కొంత భాగం చాప్డ్ మ్యాట్, అంటే పొడవాటి దారాలు కూడా కాదు, ముక్కలు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయట్లేదు, కాలేజీ తరఫున విషయం ఇంకా నడుస్తోంది. అయినా పేరు కంటే వాళ్లు ఎలా దాచారు, మనం ఎలా పట్టుకోవాలి అన్నదే మీకు ఎక్కువ అవసరం, ఎందుకంటే ఇలా చేసేవాళ్లు ఒక్కరే ఉండరు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, వీలున్నప్పుడల్లా మా కాలేజీ జట్టుకి కాంపోజిట్ పనిలో సాయం చేస్తుంటాను. మేము అడిగింది ఇది: రెండు వైపులా ఆరేసి పొరల స్కిన్, ప్రతి పొరా 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) కార్బన్ గుడ్డ, కొన్ని 0/90లో, అంటే దారాలు నిలువుగా, అడ్డంగా, కొన్ని 45 డిగ్రీల్లో ఏటవాలుగా, పైనుంచి కిందికి సిమెట్రిక్‌గా. మధ్యలో 20 మిల్లీమీటర్ల నోమెక్స్ హనీకోంబ్ (తేనెపట్టులా గళ్లున్న తేలికపాటి కోర్). కొటేషన్‌లో ఇదంతా వివరంగా రాసిచ్చారు. బిల్లు వచ్చేసరికి మాత్రం “కార్బన్ ఫైబర్ కాంపోజిట్ ప్యానెల్” అని ఒకే ఒక్క లైను ఉంది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత వాళ్లు దాని వెనకే దాక్కున్నారు.

సరుకు రాగానే వెర్నియర్‌తో కొలిస్తే మందం సరిగ్గా ఉంది. 200 జీఎస్ఎం కార్బన్ పొర సగం పీచు, సగం రెజిన్‌గా గట్టిపడితే సుమారు 0.22 మిల్లీమీటర్లు వస్తుంది, ఆరు పొరలకి 1.3. అంతే ఉంది, అందుకే చూపులకి ఎవరికీ అనుమానం రాదు. పట్టించింది బరువు. కార్బన్ పీచు సాంద్రత ఘనపు సెంటీమీటరుకి 1.8 గ్రాముల దగ్గర, ఎపాక్సీ రెజిన్‌ది 1.2 దగ్గర, కాబట్టి ఒక్కో స్కిన్ చదరపు మీటరుకి 2 కిలోలు ఉండాలి. రెండు స్కిన్లు, ఘనపు మీటరుకి 48 కిలోల కోర్, రెండు వైపులా అంటించే ఫిల్మ్ అడ్హెసివ్ అన్నీ కలిపితే ఐదున్నర కిలోల చుట్టూ రావాలి. మా ప్యానెల్ ఆరున్నర దాటింది. గాజు పీచు సాంద్రత 2.5 పైనే, అదే మందంలో గాజు పెడితే బరువు పెరగక తప్పదు. దయచేసి ప్యానెల్ దింపుకున్న రోజే తూకం వేయండి, ఈ లెక్క ఒక కాగితం మీద ఐదు నిమిషాల పని.

తర్వాత ఒక మూల ముక్క కోసి, నీళ్లు పోస్తూ, మాస్కు పెట్టుకుని, ఏటవాలుగా సాండ్ పేపర్ పట్టాం. అలా అరగదీస్తే ఒక్కో పొరా ఒక్కో పట్టీలా బయటపడుతుంది, ఎన్ని పొరలున్నాయో, ఏది ఏ కోణంలో ఉందో కంటికే కనపడుతుంది. రెజిన్‌లో నల్ల పిగ్మెంట్ కలిపారు కాబట్టి మాకు రంగులో తేడా తెలియలేదు, కానీ నేత ఒక పొర తర్వాతే ఆగిపోయింది. అప్పుడు మల్టీమీటర్ పెట్టాం. కార్బన్ కరెంటుని పంపుతుంది, గాజు పంపదు. అరగదీసిన పై పొర మీద రెండు ప్రోబ్‌లు ఆనిస్తే రీడింగ్ వచ్చింది, కింది పొరల మీద ఏమీ రాలేదు. చివరగా కాలేజీ ల్యాబ్‌లో మఫిల్ ఫర్నేస్‌లో 565 డిగ్రీల దగ్గర చిన్న ముక్క కాల్చితే రెజిన్ అంతా పోయి తెల్లటి గాజు మిగిలింది, అందులో సగం చిన్న చిన్న ముక్కలే. ఇది ఇంట్లోనో హాస్టల్ గదిలోనో చేయకండి, ఆ పొగ, గాల్లో తేలే పీచు రెండూ ప్రమాదమే.

“గాజైతే ఏమైంది, గట్టిగానే ఉంది కదా” అని మా జట్టులోనే ఒకరు అడిగారు, అందుకే చెప్తున్నాను. కార్బన్ పీచు బిగువు, అంటే లాగితే సాగకుండా నిలిచే గుణం, 230 గిగాపాస్కల్స్, గాజుది 72 దగ్గర, అంటే మూడో వంతు. ముక్కల మ్యాట్ అయితే ఇంకా చాలా తక్కువ, ఎందుకంటే లోడ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి తెగకుండా నడిచే దారమే అందులో లేదు. మనం లేఅప్ (ఏ పొర ఎక్కడ, ఏ కోణంలో పరచాలన్న ప్లాన్) గీసేటప్పుడు సస్పెన్షన్ పాయింట్ నుంచి, బెల్ట్ బిగించే చోటు నుంచి బలం ఎటు పోతుందో చూసి ఆ దిక్కున దారం పెడతాం. ఆ దారం లేకపోతే మన లెక్కలన్నీ వేరే వస్తువు గురించి చేసినవే అవుతాయి. 1981లో కార్బన్ ఛాసిస్‌తో మెక్‌లారెన్ ఎంపీ4/1 అనే ఫార్ములా వన్ కారు వచ్చింది, జాన్ బర్నార్డ్ డిజైన్, టబ్ (డ్రైవర్ కూర్చునే తొట్టిలాంటి ఛాసిస్) తయారుచేసింది అమెరికాలోని హెర్క్యులెస్ కంపెనీ. అదే ఏడాది ఇటలీలోని మోంజా రేసులో దాని డ్రైవర్ జాన్ వాట్సన్ గుద్దిన గుద్దుకి ఇంజిన్ విడిపోయినా ఆయన క్షేమంగా బయటికొచ్చాడు, కార్బన్ టబ్ మీద అందరికీ నమ్మకం కుదిరింది అప్పటి నుంచే. ఆ నమ్మకం ప్రతి పొరా అనుకున్నచోట అనుకున్నట్టు ఉందన్న దాని మీద నిలబడింది, నల్లటి మెరుపు మీద కాదు. మన కారులో కూర్చునేది ఇరవై ఏళ్ల పిల్లో పిల్లాడో.

ఇంకో లోపం కూడా ఉంది, నా దృష్టిలో ఇది గాజు కంటే పెద్దది. స్కిన్‌ని కోర్ నుంచి లాగితే కోర్ చిరగాలి, హనీకోంబ్ ముక్కలు స్కిన్‌కి అంటుకుని రావాలి. మాకు అట్టముక్క ఊడినట్టు శుభ్రంగా ఊడి వచ్చింది. అంటే అతుకు పడనే లేదు. నాణెంతో తట్టుకుంటూ వెళ్తే మంచి చోట స్పష్టంగా మోగుతుంది, విడిపోయిన చోట మొద్దుగా వినపడుతుంది. ప్యానెల్ మొత్తం గళ్లు గీసి తట్టండి, తేడా ఉన్నచోట మార్కర్‌తో గుర్తు పెట్టండి, వీడియో తీయండి.

అమ్మినతనికి ఫోన్ చేస్తే ముందు “సార్, ఇది ఇండస్ట్రీలో మామూలే” అన్నాడు. ఫొటోలు పంపాక “బిల్లులో పొరల గురించి ఎక్కడుంది సార్” అన్నాడు. టెస్ట్ రిపోర్ట్ అడిగితే టోరే టీ700 పీచు డేటాషీట్ పంపాడు, అందులో 4900 మెగాపాస్కల్స్ అని పసుపు రంగు కొట్టి మరీ. అది ఉత్త దారం బలం. రెజిన్‌లో, నేతలో, నాలుగు దిక్కుల్లో పరిచిన ప్యానెల్ బలం అందులో చిన్న భాగం. డేటాషీట్‌ని టెస్ట్ రిపోర్ట్ అని పంపేవాడితో అక్కడే మాట ఆపేయండి.

కాబట్టి కొనేముందు, పొరల వరస మొత్తం, ప్రతి పొర జీఎస్ఎం, కోణం, కోర్ సాంద్రత, చదరపు మీటరు బరువు పర్చేజ్ ఆర్డర్‌లోనూ బిల్లులోనూ రాయించండి, “కొటేషన్ ప్రకారం” అన్న మాట సరిపోదు. మీ ప్యానెళ్లతో పాటు అదే రోజు, అదే బ్యాచ్‌లో చేసిన ఒక అదనపు ప్యానెల్ కావాలని అడగండి. స్ట్రక్చరల్ ఈక్వివలెన్సీ (మన ప్యానెల్ స్టీల్ ట్యూబ్ ఫ్రేమ్‌కి సమానంగా గట్టిదని పోటీవాళ్లకి చూపడం) కోసం త్రీ పాయింట్ బెండింగ్, 25 మిల్లీమీటర్ల పంచ్‌తో షియర్ టెస్ట్ ఎలాగూ చేయాలి కదా, ఆ ముక్కలు దాన్నుంచే మీరే కోసుకోండి, వాళ్లు విడిగా చేసి పంపిన శాంపిల్ ముక్కలు తీసుకోవద్దు. ఆ టెస్ట్ అయ్యేదాకా సగం డబ్బు మీ దగ్గరే ఉండాలి. దీనికి ఒప్పుకోనివాళ్లు ఎంత తక్కువ ధర చెప్పినా వదిలేయండి.

ప్రీప్రెగ్ (ముందే రెజిన్ పట్టించిన కార్బన్ గుడ్డ) కొని మీరే పొరలు పరిచి లేఅప్ చేసుకుంటుంటే గొడవ ఇంకోలా ఉంటుంది. అది మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి, బయట ఉన్న ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది. ఏసీ లేని లారీలో వేసవిలో వచ్చిన రోల్‌ని, లేబుల్ మీద తేదీ బాగున్నా, నమ్మకండి. రోల్ నంబర్, ఎక్స్‌పైరీ, ఎన్ని గంటలు బయట ఉందన్న రికార్డు, మూడూ అడగండి. జిగురు పోయి అట్టలా బిరుసెక్కితే తిప్పి పంపేయండి. మంచి రోల్ వచ్చినా ఫ్రీజర్ నుంచి తీయగానే కవర్ చించొద్దు, గది వేడికి వచ్చేదాకా సీల్‌లోనే ఉంచాలి, లేదంటే తేమ పడుతుంది.

ఇప్పటికే కొని అనుమానంగా ఉంటే ఆ ప్యానెళ్లని ఛాసిస్‌కి వాడకండి, డ్రిల్ కూడా వేయకండి, వేస్తే వాపసు అడిగే దారి మూసుకుపోతుంది. మా జట్టు ప్రస్తుతానికి స్టీల్ ట్యూబ్ ఫ్రేమ్‌కి మారింది, బరువు పెరిగినా సరే. కోసిన ముక్కలు, కాల్చిన ముక్కలు, నాణెం టెస్ట్ వీడియో అన్నీ మా దగ్గర ఉన్నాయి. మీ ప్యానెల్ ముక్కతో పోల్చుకోవాలంటే మెసేజ్ పెట్టండి, ఫొటోలు పంపిస్తాను. హైదరాబాద్ దగ్గరి జట్లయితే ముక్క తీసుకుని ల్యాబ్‌కే రండి, కలిసి అరగదీసి చూద్దాం.