గడువు, తేదీల ఇంగ్లిష్: ద్వారకానగర్ కోర్సు ఉద్యోగంలో ఎంత పనికొచ్చింది?

విశాఖ ద్వారకానగర్‌లో బిజినెస్ ఇంగ్లిష్ నేర్పే ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం బ్యాచ్ పూర్తిచేసి కొన్నేళ్లయింది. వాళ్లిచ్చిన స్పైరల్ పుస్తకం ఇప్పటికీ ఆఫీసులో నా టేబుల్ మీదే ఉంటుంది. నేను రొయ్యల ఎగుమతి కంపెనీలో డాక్యుమెంటేషన్ చూస్తాను. కంటైనర్ విశాఖ పోర్టు దాటేలోపు నా చేతుల మీదుగా వెళ్లే మెయిళ్లు చాలావరకు తేదీలు, గడువుల గురించే. అందుకని పుస్తకం మొత్తం గురించి కాకుండా కాలానికి సంబంధించిన పాఠాల గురించే రాస్తున్నాను.

ఆ పాఠాల్లో రెండు రకాల మాటలను కలిపేశారు. మొదటి రకం హుందాగా వినిపించడానికి. బిఫోర్ బదులు ప్రయర్ టు, ఆఫ్టర్ బదులు సబ్‌సీక్వెంట్ టు, సూన్ బదులు ఇన్ డ్యూ కోర్స్. క్లాసులో ఎక్కువ సమయం వీటికే పోయింది. ఉద్యోగంలో వీటి అవసరం నాకు పెద్దగా రాలేదు. ప్రయర్ టు రాసినా, బిఫోర్ రాసినా తేదీ మారదు కదా. పైగా ఇన్ డ్యూ కోర్స్ అని రాస్తే అవతలివాళ్లు మళ్లీ 'ఎప్పుడు?' అని మెయిల్ పెడతారు.

రెండో రకం మాటలు అలా కాదు, తేదీనే మార్చేస్తాయి. బై ఫ్రైడే అంటే శుక్రవారం ముగిసేలోపు ఆ పని అయిపోవాలి. అంటిల్ ఫ్రైడే అంటే శుక్రవారం దాకా అది సాగుతూనే ఉంటుంది. ఈ తేడాను పుస్తకం చాలా బాగా చెప్పింది, ఎక్సర్‌సైజులు కూడా గట్టిగానే ఇచ్చింది. ఈ ఒక్క పాఠానికే నా ఫీజులో సగం గిట్టుబాటైంది.

మిగతా సగం ఒక జిరాక్స్ కాగితం వల్ల గిట్టింది. మాకు పాఠం చెప్పిన సార్‌కు బ్యాంకు పని తెలుసు. పుస్తకంలో లేని కాగితం ఒకటి ఆయన చివర్లో పంచారు. అందులో యూసీపీ 600 అనే నియమావళి మూడో ఆర్టికల్ సారాంశం ఉంది. సరైన కాగితాలు ఇస్తే డబ్బు చెల్లిస్తామని కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే హామీ పత్రాలు లెటర్ ఆఫ్ క్రెడిట్లు, మేం ఎల్‌సీలు అంటాం. వాటికి వాడే ఈ నియమాలను ప్యారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ తయారుచేసింది. 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఎల్‌సీలో ఆన్ ఆర్ అబౌట్ ఆగస్టు 15 అని ఉంటే, సుమారుగా ఆ రోజు అని వదిలేయడానికి లేదు. ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు రోజులు, అంటే 10 నుంచి 20 వరకు, ఆ రెండు తేదీలూ కలుపుకొని లెక్క. బిగినింగ్ అంటే నెలలో 1 నుంచి 10, మిడిల్ అంటే 11 నుంచి 20, ఎండ్ అంటే 21 నుంచి నెలాఖరు.

అన్నిటికన్నా చిక్కు ఫ్రమ్‌తోనే. షిప్‌మెంట్ జూన్ 10 ఫ్రమ్ అని ఉంటే పదో తేదీ కూడా లెక్కలోకి వస్తుంది. అదే డబ్బు చెల్లించాల్సిన గడువు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) తేదీ ఫ్రమ్ 30 రోజులు అని ఉంటే, ఆ తేదీని వదిలేసి లెక్కపెట్టాలి. జూన్ 10న బిల్ ఆఫ్ లేడింగ్ అయితే గడువు జూలై 10న వస్తుంది. మాట ఒకటే, సందర్భాన్ని బట్టి ఒక రోజు తేడా. మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి ఒకసారి "అక్కా, ఎల్‌సీలో ప్రాంప్ట్ షిప్‌మెంట్ అని ఉంది, ప్రాంప్ట్ అంటే ఎన్ని రోజులు?" అని అడిగాడు. "ఎన్ని రోజులూ కాదు నాయనా, షిప్‌మెంట్ గడువుగా రాస్తే బ్యాంకు ఆ మాటను లెక్కలోకే తీసుకోదు, తేదీ ఎక్కడుందో వెతుకు" అన్నాను. ఇమ్మీడియట్లీ, యాజ్ సూన్ యాజ్ పాజిబుల్ కూడా అంతే. ఇంత పనికొచ్చే విషయం విడి కాగితంలో ఉండిపోవడం నాకు బాధగా ఉంది. ఎక్కువ తరగతులు దానికే ఇవ్వాల్సింది.

లోపాలూ ఉన్నాయి. బైవీక్లీకి పుస్తకం ఒకే అర్థం ఇచ్చింది, రెండు వారాలకోసారి అని. వారానికి రెండుసార్లు అనే అర్థంలోనూ దాన్ని వాడతారు. అందుకే నేను ఆ మాట జోలికే పోను, ఎవరీ టూ వీక్స్ అనే రాస్తాను. తేదీ రాసే పద్ధతి గురించి ఒక్క పేజీ కూడా లేదు. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా కొనుగోలుదారుకు మార్చి 4. రొయ్యలు కొనేవాళ్లలో అమెరికావాళ్లూ ఉండే ఊళ్లో ఈ పాఠం లేకపోతే ఎలా? నెల పేరు అక్షరాల్లో రాయడమే క్షేమం.

ఎండ్ ఆఫ్ ది డే అనే మాట గురించి కూడా పుస్తకంలో సగం సంగతే ఉంది. ఎవరి రోజు ముగిసేలోపు? న్యూయార్క్‌లో వేసవిలో సాయంత్రం ఐదైతే మనకు తెల్లవారుజామున రెండున్నర, చలికాలంలో మూడున్నర. టైమ్ పక్కన ఐఎస్‌టీ అని గానీ వాళ్ల టైమ్ జోన్ గానీ రాయకపోతే రాత్రంతా టెన్షనే. ప్రీపోన్ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్లకు మాత్రం బ్రింగ్ ఫార్వర్డ్ అని రాయమన్న సలహా సరైనదే.

పోర్టు, సీఫుడ్, కస్టమ్స్ పనుల్లో ఉన్నవాళ్లకు ఈ కోర్సులో చేరమనే చెబుతాను. ఇంటర్వ్యూ కోసం మాట్లాడే ఇంగ్లిష్ కావాలంటే ఇది కాదు. చేరే ముందు ఎల్‌సీ భాషకు ఎన్ని క్లాసులిస్తారో అడగండి, ఆ జిరాక్స్ కాగితం ఇప్పటికీ ఇస్తున్నారో లేదో కూడా కనుక్కోండి.