కోరింగ మడ అడవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్

ఎమ్మెస్సీ బోటనీ రెండో ఏడాదిలో కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల సర్వేలో రెండు నెలలు పనిచేశాను. సంస్థ పేరు రాయను, పని ఎలా ఉంటుందో చెబుతాను. ఈ ఇంటర్న్‌షిప్‌కి నేనిచ్చే మార్కులు అయిదుకి మూడున్నర.

పొద్దున ఎన్నింటికి బయల్దేరాలో గడియారం చెప్పదు, ఆటుపోట్లు చెబుతాయి. నీరు తీసిన ఆ కొన్ని గంటల్లోనే పని. పది మీటర్ల చదరానికి తాడు కట్టి, లోపలున్న ప్రతి చెట్టు చుట్టుకొలతా 1.3 మీటర్ల ఎత్తున టేపుతో కొలవాలి. వినడానికి తేలికే. మోకాలి లోతు బురదలో, పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన మడచెట్ల శ్వాసవేర్ల మధ్య ఒక్కో చదరానికి గంటన్నర పట్టేది. మొదటి రోజే కుడికాలు బయటికొచ్చింది, గమ్‌బూటు రాలేదు.

ఒకరోజు పూత చూద్దామని తిల్ల చెట్టు కొమ్మ విరవబోయాను. పడవ నడిపే బాబాయి "అమ్మాయ్, ఆ పాలు కంట్లో పడితే కళ్లు పోతాయ్!" అని గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. సేఫ్టీ ట్రైనింగ్ అని చూపించిన స్లైడ్లలో ఆ ముక్కే లేదు! చెట్లను గుర్తుపట్టడం నాకు నేర్పింది కూడా ఎక్కువగా ఆయనే.

స్టైపెండ్ నెలన్నర ఆలస్యం. మంచినీళ్లు ఎవరివి వాళ్లే మోసుకోవాలి. చేపలు పట్టి తినే అడవి పిల్లి, నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) అడుగులు బురదలో రెండుసార్లు చూశాను, పిల్లి మాత్రం కనిపించలేదు.

వెళ్లేవాళ్లు లేసులు గట్టిగా బిగించుకునే పాత కాన్వాస్ బూట్లు పట్టుకెళ్లండి. వాళ్లిచ్చే గమ్‌బూట్లు బురదకే దక్కుతాయి.